పాతకారు బేరమున కొనువాని హక్కు

పశువుల సంతలో ఎద్దును కొనబోవు రైతు దాని పండ్లు చూచును, గిట్టలు చూచును, కాడికి కట్టి నాలుగడుగులు నడిపించును. ఆ పిదపగాని తువాలు క్రింద దళారి చేతిలో చేయి పెట్టడు. అంత చేసియు మోసపోయినచో తన కన్నులనే నిందించుకొనును. ఎద్దు విషయమున ఈ న్యాయము కొంత చెల్లవచ్చును. ఏలయన ఎద్దును గూర్చి దళారి యెంత యెరుగునో రైతును అంత యెరుగును. కాని ఇంజనులో ఏమి యరిగినదో, మీటరులోని అంకెలను ఎవరు వెనుకకు త్రిప్పిరో, క్రొత్తరంగు క్రింద ఎన్ని సొట్టలు పూడ్చబడినవో ఒక బడిపంతులునకు గాని గుమాస్తాకు గాని ఎట్లు తెలియును? ఐనను పాతకారుల అంగళ్లలో నేటికిని చెల్లుచున్నది ఆ సంతన్యాయమే.

మేము వినుచున్న కథలన్నియు ఇంచుమించు ఒక్క తీరుననే యున్నవి. కూడబెట్టిన సొమ్ము కొంత, బ్యాంకు అప్పు కొంత కలిపి ఒక గృహస్థు కారు కొనును. టెంకాయ కొట్టి, చక్రముల క్రింద నిమ్మకాయలు త్రొక్కించి ఇంటికి తెచ్చును. నెల తిరుగకమునుపే ఇంజను నూనె త్రాగనారంభించును. లేదా గేరుపెట్టె మూలుగును. అంగడికి పోగా లభించునవి రెండే సమాధానములు. 'ఉన్నది ఉన్నట్లుగా తీసికొని సంతకము చేసితిరి గదా' యనునది మొదటిది. 'మేము నడుమవారము మాత్రమే, అమ్మినవాడు పాత యజమాని' యనునది రెండవది. కారు షెడ్డులో పడియుండును. బ్యాంకు వాయిదా మాత్రము నెలనెలా తప్పదు.

రెండవ మాటను ముందు విచారింతము. కేంద్రప్రభుత్వము 2022 డిసెంబరులో మోటారువాహనముల నియమములను సవరించినది; ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము పాతబండ్లను కొని యమ్ము వర్తకుడు రవాణా అధికారుల నుండి అధికారపత్రము పొందవలెను. దాని కాలపరిమితి 5 ఏండ్లు. యజమాని తన బండిని అట్టి వర్తకునకు అప్పగించునపుడు 29-సి ఫారము ద్వారా ఆ సంగతి తెలుపవలెను. అటుపిమ్మట ఆ బండికి వర్తకుడే యజమానిగా భావింపబడును. ఇంత బాధ్యత నెత్తికెత్తుకొన్నవాడు, బండి చెడినంతనే తాను నడుమవాడనని చేతులు దులుపుకొనుట ఏ న్యాయము? అధికారపత్రము చూపుమని యడుగుటకును, బిల్లు అంగడి పేరనే వ్రాయుమని పట్టుపట్టుటకును మనవారు మొగమాటపడుచున్నారు. బిల్లు ఇయ్యకుండుటయే 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ప్రకారము అక్రమ వర్తకము, మొగమాటపడవలసినవాడు వర్తకుడు.

ఇక మొదటి మాట. మన వస్తువిక్రయ చట్టము 1930 లో, పరదొరల కాలమున, ఇంగ్లండులోని 1893 చట్టము ననుసరించి పుట్టినది. సరకు మంచిచెడ్డలు చూచుకొనవలసినవాడు కొనువాడే యనునది అందలి మూలసూత్రము. మినహాయింపులు లేకపోలేదు. ఆ జాతి సరకునే అమ్ము వర్తకుని యొద్ద వర్ణననుబట్టి కొన్నచో, సరకు విక్రయయోగ్యముగా నుండవలెనని 16 వ సెక్షను చెప్పుచున్నది. ఐతే కొనువాడు సరకును పరీక్షించియున్నచో, ఆ పరీక్షలో తెలియదగిన దోషములకు ఈ రక్షణ వర్తింపదు. అనగా జాగ్రత్తపడి మేస్త్రీని వెంటబెట్టుకొని పోయినవాడే న్యాయస్థానమున ఇరుకున పడవచ్చును!

2019 చట్టము ఇంతకంటె మేలు. దోషముగల సరకును బిల్లులో వ్రాసిన గడువులోపల, గడువు వ్రాయనిచో 30 దినములలోపల, తిరిగి తీసికొని సొమ్ము చెల్లింప నిరాకరించుట అక్రమ వర్తకమని అది స్పష్టముగా పలికినది. పాతసరకునకు ఇది వర్తింపదని అందెచ్చటను లేదు. ఈ యొక్క వాక్యము ప్రతి కారు అంగడి గోడమీదను పెద్ద యక్షరములతో వ్రాయింపదగినది.

ఫిర్యాదు చేయుట మనవారు తలచునంత కష్టమును కాదు. తాను నివసించు జిల్లాలోని కమిషను నెదుటనే చేయవచ్చును. చెల్లించిన వెల 5 లక్షల వరకైనచో రుసుము లేదు. 50 లక్షల వరకు జిల్లా కమిషనే విచారించును. గడువు 2 ఏండ్లు. వకీలు తప్పనిసరి కాదు. పొట్టకూటికై తానే నడుపుకొనుటకు టాక్సీ కొన్నవాడును వినియోగదారుడే. కాని 'ఉన్నది ఉన్నట్లు' అను షరతే అన్యాయపు ఒప్పందమని కొట్టివేయింపగోరువాడు రాష్ట్ర కమిషనునకు పోవలెను; జిల్లా కమిషనునకు ఆ యధికారము లేదు. బీదవానికి దూరమైన చోటనే ముఖ్యమైన మందును పెట్టిరి!

అన్నిటికంటె పెద్ద చిక్కు రుజువు. బండి చేతికి వచ్చిననాడే ఆ దోషమున్నదని నిరూపించు భారము కొన్నవానిదే. షెడ్డులోని మేస్త్రీ నోటితో చెప్పినంత స్పష్టముగా కాగితముపై వ్రాయుటకు సాహసింపడు. నిపుణుని నివేదిక లేక కమిషను ఏమి తేల్చగలదు? మనకు 1930 నాటి చట్టమునకు మాతృక నిచ్చిన ఇంగ్లండే 2015 లో తన చట్టమును మార్చుకొనినది. అచ్చట వర్తకుని యొద్ద కొన్న పాతకారునందు దోషమున్నచో 30 దినములలోపల త్రిప్పియీయవచ్చును. ఆరు నెలలలోపల దోషము బయటపడి మరమ్మతు కోరినచో, అమ్మిననాడే అది యుండెనని భావింతురు. కాదని నిరూపించు భారము వర్తకునిది. వారి పాత సూత్రమును మనము తెచ్చుకొంటిమి. వారు దిద్దుకొన్నదానిని మాత్రము చూడకున్నాము.

పాతబండి క్రొత్తబండి కాదను వర్తకుల మాట మేమును ఒప్పుకొందుము. టైరు అరుగుట దోషము కాదు. వయస్సునకు తగిన వెల తగ్గించియే యిచ్చుచున్నారు. స్వయముగా హామీ వ్రాసియిచ్చు వర్తకులును ఉన్నారు. మేమడుగునది దాచకుండుట. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో వీధులకు వీధులే మునిగినపుడు ఎన్నో బండ్లు నీటిలో నానినవి. అట్టి బండిని కడిగి రంగు వేసినచో కంటికి ఏమియు తెలియదు; తీగలలో త్రుప్పు మాత్రము లోలోపల పనిచేయుచునే యుండును. నీట మునిగినదా, ప్రమాదమున పడినదా, బీమా సొమ్ము తీసికొనబడినదా, ఎన్ని కిలోమీటర్లు తిరిగినది, ఎందరి చేతులు మారినది - ఈ సంగతులను వర్తకుడు సంతకముతో వ్రాసి బిల్లుతోపాటు ఈయవలెను. వ్రాయనిచో, లేక అబద్ధము వ్రాసినచో, రుజువు భారము అతనిపై పడవలెను. అధికారపత్రమునకు నియమములు ఏర్పరచిన ప్రభుత్వమునకు ఈ కాగితమును ఆ నియమములలోనే చేర్చుట కష్టము కాదు. రుజువు భారమును మార్చుటకు పార్లమెంటు పూనుకొనవలెను. అంతవరకు కొనువారు ఈ అయిదు ప్రశ్నలకును బిల్లుమీదనే జవాబు వ్రాయించుకొని, ఆ పిదపనే సొమ్ము చెల్లింతురుగాక.