లిఫ్టు క్రింది పొలము

ఆంగ్లమున ‘లిఫ్టు’ అను మాటకు ఎత్తుట ముఖ్యార్థము. తెలుగున అది పలుచోట్లకు ప్రాకినది. సూర్యాపేట, కోదాడల మీదుగా పోవు విజయవాడ రహదారిపై లిఫ్టు అడుగుటయన వాహనమున చోటడుగుట. మేడలలో అది మనుష్యులను పైకి చేర్చు పెట్టె. ఫోను లిఫ్టు చేయలేదన్న పలుకలేదని భావము. ఇవి ఎల్లెడల నున్నవే.

నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టున మాత్రము ఈ పదమునకు వేరొక బ్రదుకు కలదు. 1967లో కాలువకు నీరు వదలిన పిమ్మట, నీరెక్కని మెరకలకు పంపులతో నీరందించు పథకములు వెలసినవి. మిర్యాలగూడ, కోదాడ ప్రాంతముల రైతులు వానిని లిఫ్టులందురు. క్రియ పేరు యంత్రమునకు, యంత్రము పేరు పథకమునకు సంక్రమించినది. లక్షణావృత్తిని బోధించువారు ‘గంగయందు పల్లె’ తరువాత దీనిని చెప్పవచ్చును. అంతకన్న సొగసైనది ‘లిఫ్టు కింద రెండెకరాలు’ అను ప్రయోగము. ఆ పొలము కాలువకు ఎగువనున్నది! ఐనను చెరువు కింద, బావి కింద అను పాత నుడికారమే దానికిని అబ్బినది. ఆంగ్లేయుడెవ్వడును ఈ ‘కింద’ను ఊహింపజాలడు.

‘ఎత్తిపోతల’ మంచి మాటయే. పత్రికలు, కార్యాలయములు దానిని వాడుట సమంజసము. (మాచర్ల చెంతనున్న జలపాతమునకును అదే పేరగుట వేరు సంగతి.) కాని పదసేకరణకు పోవు విద్యార్థి మోటను, ఏతమును వ్రాసికొని, లిఫ్టును అన్యదేశ్యమని విడుచుట తగదు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వ్యవసాయ వృత్తి పదకోశము 1962 నాటిది. అనగా ఈ కాలువలో నీరు పారకమునుపటిది. ఆ తరువాతి సేద్యపు మాటలను చేర్చవలసినవారు నేటి పరిశోధకులే. మోట తోలి, పిదప లిఫ్టు నీటితో వరి పండించిన ముదుసలులు ఆ పల్లెలలో ఇంకను కొందరున్నారు.