99 శాతం యాక్యురసీ, ఒక్క కలివికోడి

అమీర్‌పేట మైత్రివనం దగ్గర ఏ బోర్డు చూసినా పైథాన్, డేటా సైన్స్, ఏఐ. పంజాగుట్ట వైపు నడిస్తే ఫైనలియర్ ప్రాజెక్టు రెడీమేడ్‌గా ఇచ్చే సెంటర్లు కూడా తగులుతాయి. టాపిక్‌లు మనందరికీ తెలిసినవే: ముఖం చూసి అటెండెన్స్ వేయడం, ఫొటోలో ఉన్నది కుక్కో పిల్లో చెప్పడం. వీటి బదులు ఈసారి ఒక్క బ్యాచ్ అయినా కలివికోడి మీద ప్రాజెక్టు చేయాలని నా వాదన.

పేరులో కోడి ఉన్నా ఇది కోడి కాదు. రాత్రిపూట తిరిగే చిన్న పక్షి, ఇంగ్లిష్‌లో జెర్డాన్స్ కోర్సర్ అంటారు. 1900 తర్వాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లా లంకమల దగ్గర మళ్లీ దొరికింది. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు ఊళ్లలో బొమ్మ చూపించి అడిగితే, గుర్తుపట్టి రాత్రి టార్చిలైటుతో పట్టుకొచ్చింది అక్కడి వేటగాడే. ఈ కథలో మొదటి డేటాబేస్ ఆ ఊరివాళ్ల జ్ఞాపకమే.

టెక్నాలజీ ఆ తర్వాత వచ్చింది. కంప పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి పొద్దున్నే అడుగుజాడలు వెతికారు. కెమెరా ట్రాప్‌లు పెట్టారు. దాని కూత రికార్డు వినిపించి, జవాబు వస్తుందేమో అని చెవి ఒగ్గారు. పక్షి ఎక్కడ తిరుగుతుందో తెలిసింది కాబట్టే తెలుగుగంగ కాలువ దారి మార్చగలిగారు. అంటే ఇక్కడ డేటా అనేది రిపోర్టులో గ్రాఫు కాదు, బుల్‌డోజర్‌ని ఆపే సాక్ష్యం.

మరి మన పనేంటి? కలివికోడి చీకటి పడ్డాక కొద్దిసేపే కూస్తుంది. అడవిలో రికార్డర్లు పెడితే గంటలకొద్దీ ఆడియో వస్తుంది, అందులో మనకు కావలసింది కొన్ని సెకన్లు. ఉదాహరణకి 10,000 క్లిప్పుల్లో 5 మాత్రమే దాని కూతలు అనుకోండి. ప్రతిదానికీ ‘లేదు’ అని చెప్పే మొద్దు మోడల్‌కి కూడా 99.95 శాతం యాక్యురసీ వస్తుంది! వైవాలో మార్కులు పడతాయేమో కానీ పక్షి మాత్రం మిస్ అవుతుంది. ఉన్న కొద్ది శాంపిల్స్‌తో ఎలా ట్రైన్ చేయాలి, తీతువు అరుపుని దీని కూతగా పొరబడకుండా ఎలా చూడాలి అన్నవి కోచింగ్ మెటీరియల్‌లో దొరకని అసలైన సీఎస్ ప్రశ్నలు.

యాప్ చేసేస్తే పక్షి బతికేస్తుందని నేను అనట్లేదు. పొదలు కొట్టేస్తే ఏ అల్గారిదమూ వాటిని తిరిగి మొలిపించలేదు. దొరికిన లొకేషన్‌ని నెట్‌లో పెడితే అదో కొత్త ప్రమాదం. అందుకే కోడ్ రాసే ముందు అటవీ శాఖ వాళ్లతో, ఆ చుట్టుపక్కల పశువులు కాసేవాళ్లతో మాట్లాడాలి. వాళ్లకి ఏం కావాలో అడిగి, ప్రాజెక్టు అక్కణ్ణుంచి మొదలుపెట్టాలి.

ఫైనలియర్ అన్నలూ అక్కలూ, టాపిక్ ఇంకా ఫిక్స్ చేసుకోకపోతే ఒకసారి ఆలోచించండి.