విరిగిన చెవి, అతికే విద్య

మోటారు సైకిలు ముందుభాగమున గాలి తాకిడిని తగ్గించుటకు అమర్చిన ప్లాస్టిక్ తొడుగును ఫెయిరింగ్ అంటారు. దానిని చట్రమునకు పట్టి ఉంచే చిన్న చెవులలో ఒక్కటి విరిగినా తొడుగంతా మార్చవలసిందేనని దుకాణదారు చెబుతాడు, మనమూ తలూపుతాము. ఇది సరికాదని మా అభిప్రాయము.

తొడుగు లోపలివైపు ఏ.బి.యస్. అనే అక్షరములు కనిపిస్తే అది ఎసిటోనులో కరిగే ప్లాస్టిక్. అదే జాతి తునకలను ఎసిటోనులో నానబెట్టి ముద్దచేసి, గరుకు చేసిన పగులులో నింపి, వెనుక సన్నని ఉక్కు జాలీ ఒత్తి, కనీసము ఒక రోజు ఆరనిస్తే చెవి తిరిగి నిలుస్తుంది. పి.పి. అని ఉంటే ఈ మందు పారదు, వేడితో అతకవలెను. ఎసిటోను ఆవిరి ఇట్టే అంటుకొనును గనుక నిప్పుకు దూరముగా, గాలి ఆడేచోట ఈ పని చేయవలెను.

అయితే అతుకుకన్న ముందు కారణమును వెదకవలెను. రబ్బరు వాషరు ఊడిపోయినా, మరను అతిగా బిగించినా ఇంజను అదురుకు చెవి పగులుతుంది. కారణము మిగిలితే అతుకు నిలువదు. షెడ్డులోని ఉస్తాదుకు తెలిసిన ఈ సూక్ష్మము రసాయనశాస్త్రము చదివిన మన విద్యార్థికి తెలియకపోవుట విచారకరము. చదివిన పాఠము చేతికి రావలెను. పాలకవర్గము వారు నెలకొక పూట మరమ్మతు విద్యకు కేటాయించగలరని ఆశిస్తున్నాము.