ఊ కొట్టించే ఆటలు

మా నాయనమ్మ కథ చెప్పడానికి ఒకటే షరతు పెట్టేది. వినేవాళ్ళు ఊ కొట్టాలి. ఊ ఆగితే కథ ఆగిపోయేది. రాకుమారుడు మర్రిచెట్టు తొర్రలో చెయ్యి పెట్టిన ఘట్టమైనా సరే, మేము ఊ అనేదాకా ఆ చెయ్యి తొర్రలోనే ఉండిపోయేది. వేసవి రాత్రుళ్ళు డాబా మీద పడుకుని, నిద్ర ముంచుకొస్తున్నా బలవంతాన ఊ కొట్టిన పిల్లల్లో నేనొకణ్ణి. కథ ఆవిడదే. దాన్ని ముందుకు కదిలించే బాధ్యత మాత్రం మాది.

ఈ పాత సంగతి ఇప్పుడు తలపుకు రావడానికి కారణం చెబితే కొందరు నవ్వవచ్చు. నడివయసు దాటిన తరువాత నాకు వీడియో ఆటల మీద ఇష్టం కలిగింది. మా మేనల్లుడు ఒకసారి కంప్యూటరులో ఒక ఆట పెట్టి, "మావయ్యా, ఇందులో కాల్పులేమీ ఉండవు, కథే ఉంటుంది, ఒక్కసారి చూడు" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ ఒక్కసారి కొన్నేళ్ళుగా సాగుతోంది. పెద్ద సంస్థలు కోట్లు కుమ్మరించి తయారుచేసే ఆటల గురించి కాదు నేను చెబుతున్నది. చిన్న బృందాలు, ఒక్కోసారి ఒకే మనిషి, తమ పూచీ మీద రూపొందించే ఆటలు కొన్నున్నాయి. వాటిని ఇండీ ఆటలంటారు. వాటిలోనూ జానపద గాథలను, పురాణాలను ఆధారం చేసుకుని, పోరాటం కన్న వాతావరణానికి ప్రాధాన్యమిచ్చే సాహసగాథలంటే నాకు మక్కువ. అటువంటివి ఎలా వెతికి పట్టుకోవాలని మిత్రులు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు నాకు తోచిన సమాధానమే ఇది.

ఆటలమ్మే అంగళ్ళలో "పురాణం" అని వెతికితే వందల పేర్లు వస్తాయి. వాటిలో అధికభాగం ఆయుధాగారాలే. గ్రీకుల మెడూసా తల ఒకచోట, నార్వే దేవుడి సుత్తి మరొకచోట, ఈజిప్టు నక్కముఖపు దేవుడు ఇంకొకచోట. ఇటువంటి ఆట ఎదురైనప్పుడు నేనొక చిన్న పరీక్ష పెడతాను. అందులోని దేవతల పేర్లన్నీ మనసులోనే మార్చి చూస్తాను. సుత్తి బదులు గద, మెడూసా బదులు తాటకి. ఆటలో ఏమీ మారకపోతే, అందులో పురాణం లేదు, పురాణపు వేషమే ఉంది. కథను ఎత్తుకొచ్చారు కాని, దాన్ని చెప్పేవాళ్ళనూ, నమ్మేవాళ్ళనూ ఊళ్ళోనే వదిలేసి వచ్చారు.

ఈ పరీక్షకు నిలిచిన ఆటల్లో మొదట చెప్పవలసింది 2014లో వచ్చిన నెవర్ అలోన్. దీనికి కిసిమా ఇంగిచునా అని మరో పేరు. "నేను ఒంటరిని కాను" అని అర్థం. అలాస్కాలోని ఇన్యుపియాట్ ప్రజల గాథ ఇది. అక్కడి ఆదివాసుల సంక్షేమం చూసే కుక్ ఇన్‌లెట్ గిరిజన మండలి, ప్రభుత్వ నిధుల మీదే ఆధారపడకుండా సొంత ఆదాయం కావాలనీ, తమ పిల్లలకు తమ కథలు చేరాలనీ తలచి ఈ పనికి పూనుకుంది. ఎంతకూ ఆగని మంచుతుఫాను ఎక్కడినుంచి పుడుతోందో కనుక్కోవడానికి నునా అనే చిన్నపిల్ల బయలుదేరుతుంది. తోడుగా ఒక తెల్లనక్క. ఇద్దరిలో ఎవరు చనిపోయినా ఇద్దరూ మళ్ళీ వెనక్కి వెళ్ళవలసిందే.

ఈ కథను రాబర్ట్ నాస్రుక్ క్లీవ్‌లండ్ అనే పెద్దాయన చెప్పేవాడు. ఆట తయారుచేసినవాళ్ళు ఆయన కూతురు మిన్నీ గ్రే దగ్గరకు వెళ్ళి, కథను వాడుకోవడానికి అనుమతి తీసుకున్నారు. కథ ఎవరో ఒకరిదనీ, అడిగి తీసుకోవాలనీ అనుకోవడమే నాకు ఆశ్చర్యం కలిగించింది. మూలంలో అబ్బాయి ఉంటే ఆటలో అమ్మాయి అయింది. కాబట్టి కథను మార్చడం ఇక్కడ తప్పు కాలేదు. అడగకుండా మార్చడానికీ, అడిగి మార్చడానికీ చాలా దూరముంది.

ఆట మొదలవగానే వినిపించేది ఒక వృద్ధుడి గొంతు. ఇన్యుపియాక్ భాషలోనే కథ సాగుతుంది. అర్థం తెర అడుగున వస్తుంది. నడుమ నడుమ గుడ్లగూబలు ఎదురైనప్పుడల్లా ఒక్కొక్క చిన్న చిత్రం తెరుచుకుంటుంది. అందులో అక్కడి మనుషులే కూర్చుని మాట్లాడతారు. ఆకాశంలో ఆకుపచ్చగా కదిలే ఉత్తరధ్రువపు వెలుగుల సంగతి అలాగే తెలిసింది. టోపీ పెట్టుకోకుండా బయట తిరిగితే ఆ వెలుగులు దిగివచ్చి, తల తెంచి, దానితో బంతాట ఆడుకుంటాయని వాళ్ళ పెద్దలు పిల్లల్ని భయపెట్టేవారట. మిట్టమధ్యాహ్నం చింతచెట్టు కింద పడుకోవద్దని మనల్ని భయపెట్టినట్టే. గడ్డకట్టే చలిలో తల కప్పుకోని పిల్ల బతకదు. ఆ భయం వెనకున్న ప్రేమ అది. ఆటలో ఆ వెలుగులు నిజంగానే మీదికి వస్తాయి. అందమైన దృశ్యంగా చూస్తూ నిలబడ్డ నేను మూడుసార్లు చచ్చాను. నాలుగోసారికి నమ్మకం కలిగింది.

ఈ ఆటలో లోపాలు లేకపోలేదు. దూకవలసిన చోట దూకుడు కుదరదు, నక్క ఒక్కోసారి తెలివితక్కువగా గోతిలో పడుతుంది. మూడు నాలుగు గంటల్లో అయిపోతుంది. అయినా 2015లో బ్రిటన్‌లోని బాఫ్టా వారు దీనికి తొలి ఆటల విభాగంలో పురస్కారమిచ్చారంటే, దూకుళ్ళు చూసి ఇచ్చి ఉండరు.

గొంతు వినిపించని ఆటల్లో నమ్మకం మరో దారిన వస్తుంది. స్వీడన్‌కు చెందిన సిమోగో అనే చిన్న సంస్థ 2013లో ఇయర్ వాక్ అనే ఆట తెచ్చింది. పూర్వం స్వీడన్ పల్లెల్లో ఓర్స్‌గోంగ్ అనే ఆచారముండేది. క్రిస్మస్‌కో, కొత్త సంవత్సరానికో ముందురాత్రి, మనిషి తిండి మాని, నిప్పు వెలుగు కంట పడకుండా చీకటిగదిలో ఉండి, అర్ధరాత్రి ఒంటరిగా చర్చి దగ్గరకు నడిచివెళ్ళాలి. అలా వెళ్ళినవాడికి రాబోయే ఏడాదిలో ఎవరు పోతారో, పంట ఎలా ఉంటుందో కనబడుతుందని నమ్మేవారు. ఆటంతా ఆ ఒక్క నడకే. కత్తి లేదు, బాణం లేదు. మంచు, చెట్లు, అడుగుల చప్పుడు. దారిలో వాగుగుర్రం ఎదురవుతుంది. పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని నీళ్ళలో ముంచేస్తుందని స్వీడన్ తల్లులు చెప్పే గుర్రం అది. వాగు దగ్గరకు పోవద్దని చెప్పడానికి ప్రతి దేశపు తల్లికీ ఏదో ఒకటి కావలసి వచ్చింది కాబోలు.

రష్యాలోని పెర్మ్ ప్రాంతంవాళ్ళు 2021లో చేసిన బ్లాక్ బుక్‌లో నమ్మకమే ఆట నియమమైంది. అందులో వసిలీస అనే మంత్రగత్తెకు సేవచేసే దెయ్యాలుంటాయి. వాటికి ఎప్పుడూ ఏదో ఒక పని చెబుతుండాలి. ఊళ్ళోవాళ్ళ మీదికి పంపితే పాపం ఆమెకు చుట్టుకుంటుంది; పని చెప్పకపోతే ఆమెనే పీడిస్తాయి. ఇది చదవగానే తెలుగువాళ్ళకు కుక్కతోక కథ గుర్తుకు రాక మానదు. పని చెప్పకపోతే మింగేస్తానన్న దెయ్యానికి కుక్కతోక సరిచెయ్యమని చెప్పి బయటపడ్డ గడుసువాడి కథ మనందరం విన్నదే. మన కథ ఆ గడుసుదనం దగ్గర నవ్వి ఆగిపోతుంది. రష్యావాళ్ళ ఆట పాపం దగ్గరకు తీసుకువెళ్ళి నిలబెడుతుంది. అక్కడి ఆచారాల మీద ప్రశ్నలు కూడా అడుగుతుంది; వాటికి సమాధానాలు ఆటలోని నిఘంటువు చదివితేనే తెలుస్తాయి. పేర్లు మార్చి చూసే నా పరీక్ష ఇక్కడ పనిచేయదు. ఆ నమ్మకం తీసేస్తే ఆటే ఉండదు.

అదే సంవత్సరం వచ్చిన ముండౌన్‌ను కూడా చెప్పి ముగిస్తాను. స్విట్జర్లండ్ కొండల్లో, తాత మరణవార్త విని ఊరికి వచ్చిన మనవడి కథ. మిషెల్ జీగ్లర్ అనే చిత్రకారుడు అందులోని గోడలను, చెట్లను, ముఖాలను పెన్సిలుతో కాగితం మీద గీసి, వాటిని కంప్యూటరులోకి ఎక్కించాడు. పాత్రలు మాట్లాడేది రొమాన్ష్ భాష. ఆ దేశపు నాలుగు జాతీయభాషల్లో అన్నిటికన్న తక్కువమంది మాట్లాడేది అదే. జర్మన్‌లోనో, ఇంగ్లీషులోనో మాట్లాడిస్తే అమ్మకాలకు అనువుగా ఉండేదని ఎవరైనా అంటారు. కాని ఆ కొండ దెయ్యం ఇంగ్లీషు మాట్లాడితే నేను ఏమాత్రం భయపడేవాణ్ణి కాదు.

అర్థం కాని భాష వినిపిస్తే ఏం ఒరుగుతుంది, తెర అడుగున చదువుకోవడమే కదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఆలోచించదగ్గ వాదమే. నాకు ఇన్యుపియాక్‌లో ఒక్క ముక్క రాదు. కాని ఆ ముసలాయన ఎక్కడ ఆగుతాడో, ఎక్కడ గొంతు తగ్గిస్తాడో తెలుసు. మా నాయనమ్మ కూడా అలాగే, సరిగ్గా అక్కడే ఆగేది. కథాంశాన్ని ఎవరైనా నాలుగు వాక్యాల్లో రాసిపెట్టవచ్చు. ఆ ఆగడాన్ని రాసిపెట్టలేము. అందుకే జానపదగాథల ఆట ఎంచుకునేటప్పుడు బొమ్మల అందం కన్న ముందుగా, ఇది ఎవరి గొంతు, ఏ ఊరి నమ్మకం, ఆ ఊరివాళ్ళు ఇందులో ఉన్నారా అని చూడమంటాను.

మనదేశం సంగతి కూడా తలచుకోవాలి. పుణెలోని నోడింగ్ హెడ్స్ సంస్థ 2020లో రాజీ అనే ఆట తెచ్చింది. తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళే అక్క కథ. కత్తులూ శూలాలూ ఉన్న పోరాటపు ఆటే అయినా, నడుమ కథను తోలుబొమ్మల నీడల్లో చెప్పించడం నాకెంతో నచ్చింది. ఆ నీడలు చూస్తున్నంతసేపూ నిమ్మలకుంటలో తోళ్ళ మీద రంగులద్దే చేతులు గుర్తుకొచ్చాయి. మనకు తోలుబొమ్మలాట ఉంది, ఒగ్గుకథ ఉంది, బుర్రకథ ఉంది. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలుంటారు. ఒకరు నవ్విస్తారు, ఒకరు ప్రశ్నిస్తారు, ఇద్దరూ తందాన అంటారు. వాళ్ళు పలకకపోతే కథకుడు ముందుకు సాగలేడు. ఆటగాడి స్థానం ఇదే కదా! ఆటలు చేసేవాళ్ళు కొత్తగా కనిపెట్టామనుకుంటున్న సంగతి మన పల్లెల్లో వేదిక మీద ఎప్పటినుంచో ఉంది.

తెలుగు కుర్రవాళ్ళు ఎందరో ప్రపంచంలోని ఆటల సంస్థల్లో పనిచేస్తున్నారు. వాళ్ళలో ఎవరికైనా మన కథతో ఆట చేయాలనిపిస్తే నాదొక విన్నపం. బొమ్మలు గీయడం తరువాత చూసుకోవచ్చు. ముందు ఒక ఒగ్గు కళాకారుడి దగ్గరకో, ఒక ముసలమ్మ దగ్గరకో వెళ్ళి, అనుమతి అడిగి, ఆ గొంతును దాచండి. పైకం రేపైనా సమకూరుతుంది, యంత్రాలు రేపటికి ఇంకా మంచివి వస్తాయి. ఆ గొంతు రేపు ఉండకపోవచ్చు.

ఇది ఊరికే అంటున్న మాట కాదు. మా ఇంట్లో టేపురికార్డరు ఉండేది. సినిమా పాటలు, ఎవరి పెళ్ళిలోవో మేళాలు, చివరికి క్రికెట్ వ్యాఖ్యానం కూడా దాంట్లో పట్టి ఉంచాము. నాయనమ్మ కథ ఒక్కటీ పట్టలేదు. మర్రితొర్ర కథలో రాకుమారుడి చేతికి చివరికి ఏం దొరికిందో నాకిప్పుడు గుర్తు లేదు. బహుశా ఆ రాత్రి నేను ఊ కొట్టకుండానే నిద్రపోయి ఉంటాను.