మూల కుదిరితేనే ఇల్లు కుదురుతుంది

పైథాగరస్ సిద్ధాంతం మనలో చాలామందికి కంఠతా వచ్చు. రెండు భుజాలిస్తే కర్ణం ఎంతో నిమిషంలో చెప్పేస్తాం. కానీ ఒక తాడు, నాలుగు మేకులు ఇచ్చి ఆటస్థలంలో లంబకోణం వేయమంటే ఎంతమందిమి వేయగలం? ఈ పాఠం నల్లబల్ల దగ్గర మొదలై నేల మీద పూర్తి కావాలని మా అభిప్రాయం.

అందుకు మన ఊరికన్నా మంచి చోటు లేదు. సోలై నగర్ నుంచి దక్షిణంగా పాత పట్టణంలోకి వెళ్తే వీధులు ఒకదాన్నొకటి చక్కగా అడ్డంగా దాటుతూ కనిపిస్తాయి. 1693లో పుదుచ్చేరిని పట్టుకున్న డచ్చివారు 1694లో గీసిన పటాల్లోనే ఈ గళ్ల అమరిక ఉంది. 1761లో ఇంగ్లీషువారు పట్టణాన్ని నేలమట్టం చేశారు. 1765 తరువాత ఫ్రెంచివారు మళ్లీ కట్టినప్పుడు కూడా ఆ అమరిక నిలిచింది.

ఇప్పుడు మన వీధుల్లో ఇళ్లు కట్టే మేస్త్రీలు ముగ్గు పోసేటప్పుడు ఏం చేస్తారో చూడండి. మూల నుంచి ఒక తాడు మీద 3 అడుగులు, రెండో తాడు మీద 4 అడుగులు గుర్తు పెడతారు. ఆ గుర్తుల మధ్య దూరం సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టు. స్థలం పెద్దదైతే 6, 8, 10 తీసుకుంటారు. కొలత పెద్దదయ్యేకొద్దీ తప్పు తగ్గుతుంది. శుల్బం అంటే తాడు. ఆపస్తంబుని శుల్బసూత్రాల్లో 3-4-5తో పాటు 5-12-13, 8-15-17 కూడా ఉన్నాయి. మేస్త్రీ చేతిలోని తాడుకు అంత పాత చరిత్ర ఉంది. ఆయన పెద్ద చదువులు చదవలేదని చులకనగా చూడటం మనకే నష్టం.

మూల ఒక్క డిగ్రీ తప్పితే 20 అడుగుల గోడ చివర 4 అంగుళాలకు పైగా పక్కకు జరుగుతుంది. చిన్న స్థలంలో అప్పు చేసి ఇల్లు కట్టుకునేవారికి అది చిన్న విషయం కాదు. గచ్చు మీద టైల్స్ వంకరగా కోయాల్సి వస్తుంది, తలుపు పక్కన బీరువా ఆనదు. పునాదిలో అరగంట పనితో పోయే తప్పు గోడలు లేచాక పోదు.

కాబట్టి మా కోరిక ఇది. ఈసారి వాలీబాల్ కోర్టు గీతలు విద్యార్థులే వేయాలి. కోర్టు 18 మీటర్ల పొడవు, 9 మీటర్ల వెడల్పు. ఎదురెదురు భుజాలు సమానంగా వచ్చాక రెండు కర్ణాలూ కొలవాలి. రెండూ 20 మీటర్ల 12 సెంటీమీటర్ల దగ్గర కలవాలి. భుజాలు సరిపోయి కర్ణాలు సరిపోకపోతే కోర్టు ఒక పక్కకు ఒరిగిందని అర్థం. టేపు వదులుగా ఉన్నా, నేల వాలుగా ఉన్నా లెక్క ఎలా తప్పుతుందో అప్పుడు తెలుస్తుంది.

సిలబస్ పూర్తి కావద్దా అని కొందరు అడగవచ్చు. రెండు పీరియడ్లు చాలు. ఆ రోజు ఒక మేస్త్రీని పిలిచి, గణితం మాస్టారి పక్కన నిలబెట్టి, ఇద్దరి దగ్గరా నేర్చుకుందాం. మనం గీసిన కోర్టులో మనమే ఆడుకుందాం.