తొలి ల్యాప్‌టాప్‌ కొంటున్నారా?

ఇంట్లోకి తొలి ల్యాప్‌టాప్‌ అనగానే చాలామంది ప్రాసెసర్‌ పేరే అడుగుతారు. కానీ మెయిళ్లు, దరఖాస్తులు, పిల్లల పాఠాలు... అన్నీ నడిచేది బ్రౌజర్‌లోనే. దానికి కావాల్సింది ర్యామ్‌. విండోస్‌ 11కి కనీసం 4 జీబీ ఉంటే చాలంటారు గానీ నాలుగు ట్యాబులు తెరిస్తే నత్తనడకే. 8 జీబీకి తగ్గొద్దు. కొన్నింట్లో ర్యామ్‌ని బోర్డుకే సోల్డరింగ్‌ చేసేస్తారు. తర్వాత పెంచుకునే వీలుండదు. ఆ సంగతి ముందే కనుక్కోండి. హార్డ్‌డిస్క్‌ బదులు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉన్నది తీసుకుంటే చకచకా తెరుచుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్‌దైతే మరింత జాగ్రత్త. విండోస్‌ 10కి మామూలుగా వచ్చే ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. ఇంటెల్‌లో 8వ తరానికి ముందున్న ప్రాసెసర్లలో దాదాపు వేటికీ విండోస్‌ 11 అధికారికంగా రాదు. చవగ్గా వస్తోందని అలాంటిది కొని, దాంట్లోనే బ్యాంకు లావాదేవీలు చేస్తే... మిగిలిన వేల కంటే పోయేదే ఎక్కువ కావచ్చు!