పొలంలో ముగ్గు ఎవరు వేశారు?

ఇంగ్లండు దేశపు గోధుమచేలలో ఒక్క రాత్రిలో వెలసే పెద్ద వలయాలను గూర్చి మన విద్యార్థులలో వాదోపవాదాలు వినవస్తూనే ఉన్నవి. అవి మనుష్యులు వేసినవే అని ఒక పక్షం. ప్రతి వలయానికీ కర్త ఎవరో తేలలేదు గనుక అవి మానవాతీతమైనవని మరొక పక్షం. ఈ వాదంలో ఉపాధ్యాయులు మౌనం వహించడం తగదని నా అభిప్రాయం.

ముందుగా తెలిసిన సంగతులు చూతము. 1991లో డగ్ బోవర్, డేవ్ చోర్లీ అనే ఇద్దరు మిత్రులు, 1970ల నుండి అనేక వలయాలను తామే వేస్తూ వచ్చామని ఒక పత్రికకు వెల్లడించారు. వారి సాధనాలు ఒక పలక, కొంత తాడు, గురి చూచుకొనడానికి టోపీకి తగిలించిన తీగ. వారు పత్రికవారి కొరకు వేసిన ఒక వలయాన్ని, సంగతి ఎరుగని ప్రసిద్ధ పరిశోధకుడొకరు పరిశీలించి, అది మనుష్యుల పని కాదని తీర్పు చెప్పారు. మనుష్యులు వేసినదానిని గుర్తింపజాలని పరీక్ష, వేయనిదానిని మాత్రం ఎట్లు గుర్తింపగలదు?

ప్రపంచంలోని వలయాలన్నీ ఆ ఇద్దరే వేశారా అని ప్రతిపక్షులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. 2001లో విల్ట్‌షైర్ సీమలోని మిల్క్ హిల్ వద్ద కనిపించిన ఆకృతిలో 409 వలయాలున్నవి. అప్పటికి చోర్లీ జీవించి లేడు. కాని, ఇది ఎవరు చేశారన్నది ఒక ప్రశ్న. ఇది మనిషికి సాధ్యమా అన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు దొరకనంత మాత్రాన రెండవదానికి కాదని జవాబు చెప్పరాదు.

నెల్లిమర్లకు చేరువనున్న రామతీర్థంలో గురుభక్తులకొండ మీద బౌద్ధారామ శిథిలాలు ఉన్నవి. ఆ ఇటుకలు పేర్చిన పనివారు ఎవరో మనకు తెలియదు. అయినను అది మనుష్యుల పని కాదని ఎవరూ అనరు. మరి ప్రాచీనులు తమవారి సమాధుల చుట్టూ పేర్చిన రాతివలయాలనో, మన పల్లెలలో రాకాసిగుళ్ళన్నారు. బరువైన బండలను మోసినది మనుష్యులు. పేరు దక్కినది రాక్షసులకు. కర్త తెలియని పనిని మానవాతీతమనడంలో ఇట్టి అన్యాయం కూడ ఉన్నది.

వలయంలోని కాడలు విరగక కణుపు వద్ద వంగి ఉంటవి, ఇది అజ్ఞాతశక్తికి నిదర్శనమని మరొక వాదం. దీనికి చంపావతి ఒడ్డున వరి పండించే రైతు సమాధానం చెప్పగలడు. గాలివానకు పడిపోయిన చేను ఇంకా పచ్చిగా ఉన్నచో, కొద్ది దినాలలో కణుపు వద్ద వంగి తల పైకెత్తుతుంది. కణుపులో క్రిందివైపు భాగం పైవైపుకంటె ఎక్కువగా పెరగడమే ఇందుకు కారణం.

కనుక బడిలో ఈ వాదం వచ్చినప్పుడు పిల్లలను ఆవరణలోనికి తీసుకొనిపోయి, ఒక మేకు, ఒక తాడు వారి చేతికియ్యండి. వృత్తం గీసిన తాడుతోనే పరిధిని ఆరుసార్లు కొలిస్తే ఆరు రేకుల పువ్వుకు చుక్కలు ఏర్పడుతవి. తెల్లవారకముందే వాకిట మెలికల ముగ్గు వేసే తల్లుల బిడ్డలకు, చీకటిలో ఇంత పని ఎట్లు సాధ్యమన్న సందేహం ఎక్కువసేపు నిలువదు. అయితే ఒక్క హెచ్చరిక తప్పక చేయండి. ఆ ప్రయోగం బడి నేల మీదనే జరగాలి. మనం వింతగా చూచే ప్రతి వలయం క్రిందా ఒక రైతు పంట నలిగి ఉన్నది.

తెలియనిదానిని తెలియదని చెప్పడం గౌరవప్రదమైన మాటే. కాని ఆ మాట తరువాత విద్యార్థి చేయవలసినది అన్వేషణ. ఆకాశం వైపు వేలు చూపి ఊరకుండడానికి బడి అక్కరలేదు.